చిన్నెర్రమ్మ లెక్క

ఆదివారం పొద్దున్న గోపాలపురం దీపస్తంభం కింద
చాయ్ గ్లాసులో సన్నటి వలయాలు లేచాయి. అంతే.
రెండు గంటలకి సముద్రం
ఎండేసిన చేపల దాకా వచ్చి
ఎవరినో వెతికినట్టు చూసి వెళ్ళింది.

ఎందుకో ఒరియా బడిలో చెప్పారు. సగమే ఎక్కింది.
మిగతా సగం సూరాడ చిన్నెర్రమ్మ చెప్పింది,
పళ్ళ మధ్య నైలాను పోగు పట్టుకుని.

"వల అడుగున రాయికి పట్టేసిందనుకో.
లాగుతావు. రాదు. ఇంకా లాగుతావు.
తాడు బిగుస్తాది, పడవ అణియం వొంగుతాది,
ఎవులికీ ఏటీ అవనట్టే ఉంటాది.
అదే సెడ్డ గడియ."

బడి పుస్తకంలో తాడు లేదు.
అండమాన్ల అడుగున ఒక పలక
మరోదాని కిందకి దూరుతోందని ఉంది,
గోరు పెరిగేటంత మెల్లగా;
కరుచుకున్న చోట పైదాని అంచునీ
లోపలికి ఈడుస్తోందని,
తాతల తాతల నాటినుంచి.

"మరి తెగితే?"
"తెగదు. జారతాది."
పోగు పుటుక్కున కొరికింది.
"వొంగిన అణియం ఒక్కపాలి పైకి లేస్తాది.
దాని మీది నీళ్ళెక్కడికి పోతాయి?"

చాలాసేపు ఊరుకుంది.
"మనం కూకున్నది పై పలకా, కిందదా?"
"కిందకి పోయేదే, పిన్నీ."

"సర్లే. ఈ ముడవనీ."