కాటా సున్నా

సోమవారం తెల్లవారుజామున మూడింటికి
చీమకుర్తి రోడ్డు మీద మెలకువగా ఉండేది
వేబ్రిడ్జి గదిలో నేను,
ఎదురుగా టైర్ల కొట్లో కాలేషా,
కంప్రెసర్‌కి ఆనించిన అతని ఫోనులో
ఏదో దేశం పగటి ఎండలో
గుండ్రంగా తిరిగే నలభై కార్లు.

ఎడమకే తిరుగుతాయి. గంటలకొద్దీ ఎడమకే.
"గానుగెద్దులకా ఇంత హడావుడి?" అన్నానొకసారి.
"గానుగెద్దు గంటకి మూడొందల కిలోమీటర్లు పోద్దా హైమక్కా?"
అంటూ తల తిప్పకుండా ట్యూబుకి అతుకేశాడు.

అతనిది ఆకుపచ్చ కారు.
డ్రైవరు పేరు నోరు తిరగదు, అందుకని మనోడు.

నాకు ముందు నచ్చింది లెక్క.
గెలిస్తే నలభై, రెండోవాడికి ముప్పై ఐదు,
అక్కణ్ణించి ఒక్కొక్కటీ దిగుతూ
గోడకి గుద్దుకుని ఆగిపోయినవాడికీ ఒకటి.
నడిమధ్యలో రెండుసార్లు జెండా ఊపి
అప్పటికి ముందున్న పదిమందికీ ఇంకాసిని.
సగం పూట పనికి కూడా కూలి కట్టిచ్చే
మంచి మేస్త్రీ లెక్క.
ఇరవై ఆరు వారాలు రిజిస్టరు వెనక అట్ట మీద రాశాను.
మనోడు అందరికన్నా పైన.

ఇరవై ఏడో వారం
కాలేషా నా పెన్ను తీసుకుని అడ్డంగా గీత కొట్టాడు.
"ఇంక పదహారు మందే. అందరికీ సమానం."
"మరి ఆర్నెల్ల కష్టం?"
"రెండు పళ్ల గిత్తలు లాగిన అడుగుల్ని
ఆరు పళ్ల పందేనికి మోసుకొస్తావా?
బండ మారె, బరి మారె."
కాసేపాగి, నా మొహం చూశాడేమో,
"మొత్తం పోదులే. గెలిచిన రేసుకి ఐదు,
మధ్య జెండాకి ఒకటి, మూటగట్టి ఉంటది.
ఎన్నిసార్లు చెరిపినా మూట మనోడెంటే."

అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
వాన రాత్రి లారీ దిగిపోయాక
ఖాళీ కాటా మీద ఇరవై కిలోలు కనిపిస్తుంది.
రాతిపొడి బురద.
సున్నా నొక్కుతాను.
అంకె పోతుంది. బురద పోదు.

మూడు రేసులకొకసారి నలుగురు ఇంటికి.
పదహారు పన్నెండై, పన్నెండు ఎనిమిదై,
రేసు గెలిచినవాడు సరాసరి అవతలి గట్టుకి,
మిగతావాళ్లు వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఇవతల.
ఎనిమిది నాలుగయ్యే రాత్రి
మనోడు ఒక్క పాయింటుతో బయటపడ్డాడు.
ఎప్పుడో మే నెలలో, మేమిద్దరం మర్చిపోయిన రేసులో,
మధ్య జెండా దగ్గర దక్కిన ఒక్కటి.
"బురద!" అని అరిచాను.
కాలేషా నా చెప్పుల వంక చూశాడు.

చివర్న నలుగురు, ఒకటే రేసు.
అక్కడ మూట కూడా చెల్లదంట.
నలుగురిలో ఎవడు ముందొస్తే
ఏడాదంతా వాడిది.

ఇరవై చుట్లుండగా మనోడే ముందు.
టైర్లకి ఆగాడు.
చక్రానికి ఒకటే నట్టు, నాలుగు చక్రాలు,
పది సెకన్ల పని.
వెనక ఎడమ చక్రం దగ్గర నట్టు పట్టలేదు.
పదిహేను.

నేను కారునే చూస్తున్నాను.
కాలేషా లేచి నిలబడి
నేలమీద మోకాళ్లూనిన కుర్రాణ్ణి చూస్తున్నాడు.
"గన్ను వంకరగా పెట్టాడు. కంగారు. అంతే."
నలుగురిలో మూడోవాడుగా వచ్చాడు మనోడు.
ఎవరో కాగితం ముక్కల వానలో తడుస్తున్నారు.
"ఆ పిల్లోడికి ఈ రాత్రి అన్నం దిగదు,"
ఫోను బోర్లించాడు.

అతనికి ఏ అట్ట మీదా గడి లేదు.
ఐదు సెకన్లు.
పది కిలోలకి లోపు తేడా
నా కాటాకి తెలియదు.

అయిదున్నరకి పొడిలి వైపు నించి ఒక టిప్పరు,
వెనక చక్రం కూలబడి.
పది నట్లు.
కాలేషా పదీ బిగించి, మళ్లీ మొదట్నించీ బిగించాడు.
డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.