ఉప్పు బండి

రాత్రి రెండున్నర. అబర్డీన్ మీద సముద్రపు మంచు.
ల్యాబ్‌లో నేనూ, ఫ్రిజ్ మూలుగూ,
గాజు పలక మీద
పదిహేనో రోజు దాకా పెరిగి ఆగిన ఎలుక పిండం.
పుట్టని తలలోంచి వెంట్రుక మందాన కోసిన ముక్క.

కంటి వెనక పెట్టిన ఎర్రరంగు
నరం వెంట పాకి పాకి
చూపింకా రాని కంటికి
దారి మాత్రం గీసి చూపిస్తుంది.
రెండు కళ్ళ తీగలూ నడిమి గీత దగ్గర కలుసుకుని,
ఒకదాన్నొకటి ఒరుసుకుని,
చాలామటుకు అవతలి ఒడ్డుకి దాటిపోతాయి.
పోవాలి.

ఇందులో కొన్ని పోలేదు.
పక్కకి ఒరిగి, ఎదుటి కంటి నరంలోకే దూరాయి.
ఊరెళ్దామని బయల్దేరి
ఎదురింటి తలుపు తట్టినట్టు.
అక్కడా చీకటే.
అక్కడా ఎవరో ఇప్పుడే చెప్పులేసుకుంటున్నారు.

లేనిది ఒక్క ఎంజైము.
ఉన్నా అది నరాన్ని లాగదు, నెట్టదు,
ఇటు రమ్మని పిలవదు.
కణాల ఒంటి మీద వేలాడే చక్కెర గొలుసులకి
అక్కడొకటి, ఇక్కడొకటి
గంధకపు పలుకు తగిలించి ఊరుకుంటుంది.
వెనకొచ్చే నరం కొస అరచేయిలా విచ్చుకుని
ఆ పలుకుల్ని తడిమి చదువుకుంటుంది.

తమ్ముడు ఇన్నెస్ గుర్తొచ్చాడు.
ఈ వేళకి వాడు హంట్లీ దాటి
ఫౌడ్‌లాండ్ మలుపుల్లో కౌన్సిల్ ఉప్పు బండి తోలుతుంటాడు.
ఫ్లాస్కులో టీ, రేడియోలో గరగర,
బండి వెనక పళ్ళెం గిర్రున తిరిగి
గడ్డకట్టిన రోడ్డంతా మట్టిరంగు రాళ్ళుప్పు.
పొద్దున ఆరింటికి పాల వ్యాను, బడి బస్సు,
నొప్పులొచ్చిన భార్యని వెనక సీట్లో పడుకోబెట్టుకున్న ఎవడో...
ఎవరి ఉప్పు తిన్నారో ఎరక్కుండానే
జారకుండా వెళ్ళిపోతారు.

"పదకొండేళ్ళు చల్లాను, ఎఫీ.
జనానికి గుర్తున్నది
నేను మరిచిన ఒక్క మలుపే" అంటాడు.

మేమూ ఆ జనమే.
ఉన్నన్నాళ్ళూ దాని పేరెవరడిగారు?
లేకుండా చేసి చూశాకే
ఏం చేస్తుండేదో తెలిసింది.
లేకుండా చేసింది మేమే.
ఈ మాట నోట్‌బుక్‌లో వేరేగా రాస్తాం.

పలక అంచున నంబరు వేసి, దీపం ఆర్పి, బయటికొచ్చాను.
మెట్ల మీద ఉప్పు బూటు కింద కరకరమంది.
ఎందుకో ఆగి
ఒక కన్ను మూసి చూశాను, తర్వాత రెండోది.
మంచులో వీధి దీపం ఒక్కటే.
రెండూ తెరిచినా
ఒక్కటే.