ఉత్తరం వైపు

మా పపోసో కొండల్లో వాన మాట ఎవరూ ఎత్తరు.
నా చిన్నప్పుడు ఒకసారి పడింది,
రేకుల మీద ఆ చప్పుడుకి పిల్లలమంతా మంచం కిందికి దూరాం.
మాకున్నది కమాంచాకా.
తెల్లారకముందే సముద్రం మీంచి లేచి
పాకుతూ కొండెక్కే మంచు.
అమ్మ గోనెసంచులు బయట ఆరేసి
పొద్దున్నే పిండి
ఆ నీళ్ళతో టీ కాచేది.
ఉప్పగా, గోనె వాసనతో.

ఆ తడే తాగి బతుకుతాయి కోపియాపోవాలు.
బూడిద పూసుకున్న ఒళ్ళు,
నడినెత్తిన గుప్పెడు ఉన్ని,
ఉన్నిలోంచి ఎప్పుడో ఓ పసుప్పచ్చ పువ్వు.
పిడికెడు లావు కావడానికి ఒక బాల్యం సరిపోదు.
నడుమెత్తు పెరిగినదాన్ని వయసెంతని ఎవరూ అడగరు.
మా ఆకాశంలో ఎండ ఉత్తరాన నడుస్తుంది,
అందుకే అన్నీ అటే వాలి ఉంటాయి,
కొండంతా ఒకే పడవ కోసం చూస్తున్నట్టు.

నేను హుయిరో ఏరుకునే మనిషిని.
అల విసిరిన నాచుని ఈడ్చి, ఎండబెట్టి, కట్టలు కట్టి
లారీకెత్తుతాను.
కిలో ఎంతో లారీవాడే చెబుతాడు.
తమ్ముడు బౌదీలియోకి నడుం పట్టేసిన ఏడాది
తల్తాల్ నుంచి ఒకాయన వచ్చాడు, దుమ్మంటని బూట్లతో.
మొక్కకింత అన్నాడు.
మా కట్ట ధరకి నలభై రెట్లు.

రాత్రిళ్ళు గునపం చప్పుడు.
పాత పేపర్లలో, చిరిగిన మేజోళ్ళలో
పసిపిల్లల్ని చుట్టినట్టు చుట్టేవాడు.
నేను చూశాను.
చూడనట్టు పొయ్యి ఊదాను.
నా పై పళ్ళ వరస ఆ డబ్బుతో కట్టించుకున్నదే.
ఇది ఎవరితోనూ అనలేదు.

ఏదో దూరపు రేవులో పెట్టెలు విప్పారట.
రెండేళ్ళు ఎవరి గాజుగదిలోనో ఉండి
తిరిగొచ్చాయి, చచ్చినవి చావగా మిగిలినవి,
మెడలో నంబర్లతో.

ఫారెస్టు పిల్ల ఒర్తెన్సియా మా గుమ్మంలో నిలబడి
కేకలెయ్యలేదు, కాగితం చూపలేదు.
ఒకటే అడిగింది:
"వీటికి ఉత్తరం ఎటు?"
తప్పు వైపు తిప్పి నాటితే
నీడ మరిగిన చర్మం
ఉడికిన బంగాళాదుంప పొట్టులా ఊడిపోతుందట.

ముద్దాయిగా సంతకం పెట్టి వచ్చినవాడు
మోకాళ్ళ మీద కూర్చున్నాడు.
కళ్ళు మూసుకుని, ఒక్కోదాన్నీ బొటనవేలితో తడిమి
"ఇటు" అన్నాడు.
మైనం మందంగా ఉన్న వైపు ఎండ వైపు.
"ఆ గోతిలో ఇది కాదు, దీని పక్కది" అన్నాడు.
తవ్విన ప్రతి గొయ్యీ వాడికి గుర్తే.
ఒర్తెన్సియా రాసుకుంటూ పోయింది,
మధ్యలో ఎక్కడో రాయడం మానేసింది.

నూట పదిహేడో నంబరు దగ్గర ఆగాడు.
ఎన్ని చేతులు మారిందో, మైనమంతా అరిగిపోయింది.
చిరునామా చెరిగిన ఉత్తరం.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
సాయంత్రం మంచు వచ్చి మోచేతుల దాకా తడిపింది.
"అక్కా, నువ్వు చెప్పు" అన్నాడు,
ఆ రాత్రుల్లో నేను మెలకువగా ఉన్నానని
మొదటిసారి బయటపెడుతూ.

నేను పలకలేదు.
నాలుకతో పళ్ళు తడుముకుంటూ నిలబడ్డాను.

చివరికి ఎలాగో నాటాం.
ఆదివారాలు వెళ్ళి
మధ్యాహ్నం దాకా దానిమీద నా టోపీ పెట్టి వస్తున్నాను.
అది ఇంకా ఎటూ వాలలేదు.