సెంటు వాసన

వాసన చూసి చెప్పేస్తాను
ఏ పిట్ట కొత్తదో, ఏది మళ్ళీ దొరికిందో.
కొత్త జినువాయిలు వరిమడి వాసనేస్తాయి,
బురద, పాలగింజ, కాస్త పొగ.
తిరిగొచ్చినవాటి మెడ దగ్గర
మల్లె సెంటు.

ఇక్కడ నోమ్ పెన్‌లో, నది ఒడ్డున,
ఎగరేసే ముందు పిట్ట మీద సెంటు కొట్టాలి.
ఎవరు మొదలుపెట్టారో నాకు తెలీదు.
మా అమ్మ రోజుల్లో వేళ్ళతో నీళ్ళు చిలకరించేవాళ్ళు,
ఇప్పుడు సీసా మీట నొక్కితే బుస్సుమంటుంది.
పిట్ట కళ్ళు మూసుకుంటుంది.
కొన్నవాళ్ళూ మూసుకుంటారు.

జత నాలుగు వేల రియళ్ళు.
వైశాఖ పున్నమికి ఆరు.
పంజరంలో వంద పడతాయి, నేను నూట యాభై కుక్కుతాను.
అడుగున ఉన్నవాటి సంగతి అడక్కండి.
పొద్దుగూకాక పంజరం దులిపేటప్పుడు
విరియక్‌ని నీళ్ళకి పంపిస్తాను.
నా కూతురి కొడుకు. తొమ్మిదేళ్ళు.
లెక్కలు బాగా వచ్చు, అదే గొడవ.

"అమ్మమ్మా, ఒకే పిట్టని నలుగురు వదిలితే
ఒక పుణ్యానికి నాలుగు వాటాలా?
నాలుగు పుణ్యాలా?"
"గుళ్ళో భిక్షువుని అడుగు."
"మరి పట్టినవాళ్ళకి?"
"అన్నం చల్లారిపోతోంది, తిను."

పున్నమి నాడు ఒక పిల్ల వచ్చింది.
బట్టల ఫ్యాక్టరీ పిల్ల,
జుట్టులో ఇంకా నూలు పోగులు.
మూడు కావాలంది.
జతల్లోనే అమ్ముతాను, అయినా ఇచ్చాను,
నలిగిన నోట్లు ఒక్కొక్కటీ మోకాలి మీద సాపు చేసి ఇస్తుంటే
ఇవ్వక ఏం చేస్తాను.
మొదటిది అమ్మకి, ఆస్పత్రిలో ఉందట.
రెండోది తమ్ముడికి.
మూడోది ఎవరికో చెప్పలేదు, నేనడగలేదు.

రెండూ రివ్వున పోయాయి.
మూడోది అరచేతిలో కూర్చుంది.

చెయ్యి పైకెత్తింది. కూర్చునే ఉంది.
మెల్లగా ఊదింది.
రెక్క ఒకటి సగం విప్పి
ఎందుకో గుర్తు రానట్టు మళ్ళీ ముడుచుకుంది.
వెనక వరసలో జనం గొణుగుతున్నారు,
ఎవరిదో పసిపాప ఏడుస్తోంది,
ఎండ నెత్తి మీద పెనంలా ఉంది.

"నేనేం తప్పు చేశాను?" అంది,
నన్ను కాదు, పిట్టని.

ముప్పయ్యేళ్ళ బేరంలో
ఆ మాట నాకు తగలడం అదే మొదలు.
తగలాల్సింది నాకే కదా.

"నీదేం లేదమ్మా, ఎండ" అన్నాను.
చిరిగిన నోటు మార్చినట్టు
దాన్ని తీసుకుని ఇంకోటి ఇచ్చాను.
అది ఎగిరింది. ఆ పిల్ల మాత్రం
ఎగిరినదాన్ని చూడలేదు,
నా తువ్వాలు మడతనే చూస్తూ వెళ్ళిపోయింది.

సాయంత్రం పడవలో అవతలి ఒడ్డుకి వస్తుంటే
కడుపు దగ్గర చిన్న గుండె,
చేతిగడియారం మింగినట్టు.

విరియక్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"మల్లె," అన్నాడు. ఆగి, "గులాబీ."
ఇంకా ఆగి,
"ఇంకోటి ఏదో ఉంది, ఆస్పత్రి వాసనలాంటిది."
వేళ్ళు మడిచాడు. ఈసారి నన్నేమీ అడగలేదు.
దూదితో నీటిచుక్క ముక్కుకి అందించాడు.
తాగిందో, చుక్క జారిపోయిందో
దీపం వెలుగులో తెలీలేదు.

నాలుగింటికి మా మరిది వల భుజానేసుకుని బయల్దేరాడు.
గడపలో నిలబడి చెప్పాను,
"సెంటు వాసనవి వద్దు. కొత్తవి తే."
చెప్పాక గానీ నాకే వినపడలేదు ఏమన్నానో.

అతను నవ్వాడు.
"చీకట్లో వలకి ముక్కుంటుందా వదినా?"

లోపల విరియక్ ఇంకా మేలుకునే ఉన్నాడు.