వెంట్రుకవాసి

పార్నూలో, సముద్రం గడ్డకట్టిన ఫిబ్రవరిలో,
నాలుగో అంతస్తు నుంచి ఫోను:
"రైగో, నా కిటికీలు కుంటుతున్నాయి."
గాజు కిటికీలనుకుని మైనం, సుత్తి పట్టుకెళ్ళాను.
హెల్వె గారు గడ్డంతో లాప్‌టాప్ వైపు చూపించింది.

"చూడు" అని ఒక విండోని కిందికి దించింది.
దిగింది. నాకేమీ కనిపించలేదు.
"మళ్ళీ చూడు."
దిగింది. పైకొచ్చింది.
"ఏడో బొమ్మ లేదు. ఎనిమిదీ లేదు.
పదకొండోది రెండుసార్లు వచ్చింది" అంది,
చిల్లర తక్కువిచ్చావని చెప్పే కొట్టు మనిషిలా.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ చేసిన పని
బొమ్మ మోచేతిని వెంట్రుకవాసి జరపడం,
ఊపిరి బిగబట్టి ఫొటో తీయడం,
మళ్ళీ వెంట్రుకవాసి.
పొద్దుణ్ణించి చీకటిపడేదాకా చేస్తే
పోస్టుమాన్ బొమ్మ ఒక్కసారి తుమ్మేది.
ఆ కంటి ముందు నా చదువెంత?

తెలిసిన దారిలోనే మొదలెట్టాను.
డ్రైవరు పాతదేమోనని కొత్తది వేశాను.
కొత్తది గిట్టలేదేమోనని పాతదే తెచ్చాను.
బ్యాటరీ పొదుపు ఆపేశాను.
స్క్రీను సెకనుకి అరవైసార్లు అంటోంది, అరవయ్యే.
తెరిచి వదిలేసిన ట్యాబులు నలభై మూడు,
అన్నీ ఊలు అల్లికలే, ఒక్కొక్కటీ మూయించాను.
ఆవిడ ప్రతిదానికీ వీడ్కోలు చెప్పింది.

చివరికి విసుగొచ్చి యానిమేషన్లే తీసేశాను.
ఇంక కుంటడానికి కాళ్ళే లేవు.
నొక్కితే ఉంది. నొక్కితే లేదు.
"ఎంత చురుగ్గా ఉందో చూడండి!" అన్నాను.

వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.
"ఎటు పోయింది?"
"ఎటూ పోలేదండీ, కిందే ఉంది."
"పోయేది ఏ దారిన పోయిందో
కంటికి కనబడొద్దూ?
మా ఆయన ఇలాగే. కాఫీ కలుపుతున్నాడు. తర్వాత లేడు.
మధ్యలో ఒక్క బొమ్మ కూడా లేదు."

కాసేపు ఫ్రిజ్ ఒక్కటే మాట్లాడింది.
నేను యానిమేషన్లు మళ్ళీ పెట్టాను.

అప్పుడు తగిలింది అరచేతికి, కీబోర్డు ఎడమపక్క
కాలుతోందని.
చెవి ఆనించాను. లోపల ఫ్యాను
ఉబ్బసం మనిషి మెట్లెక్కుతున్నట్టు ఆయాసపడుతోంది.
ఉడికిపోతున్న చిప్పు ప్రాణం కాపాడుకోవడానికి
అడుగు తగ్గించి నడుస్తోంది.
బద్ధకం కాదు, జ్వరం.

పది స్క్రూలు. వాటిని ఆవిడ గుండీల డబ్బా మూతలో
తీసిన వరుసలోనే పేర్చింది, నేను అడక్కుండానే.
రాగి గొట్టం చివర, సన్నని రేకుల మొగదల,
బూడిదరంగు నూగు దుప్పటిలా నేసుకుని ఉంది.
పట్టకారుతో లాగితే చిరక్కుండా
ఒక్క ముక్కగా వచ్చింది.

పారేయబోయాను. లాక్కుని దీపం కిందికి తీసుకెళ్ళింది.
"ఇది పిల్లి. ఇది నా శాలువా."
ఆగింది.
"ఈ ఆకుపచ్చ... పోస్టుమాన్ కోటుది.
పోయిన చలికాలం చిమటలు కొట్టేస్తే
ఈ బల్లమీదే విప్పి మళ్ళీ అల్లాను."
ఆ పోగు ఒక్కటీ ఏరి గుండీల్లో దాచుకుంది.

బఠానీ గింజంత కొత్త పేస్టు. మూత. పది స్క్రూలు.
విండో దిగింది,
సబ్బునీళ్ళలోకి పళ్ళెం జారినట్టు.
"ఏడు ఉంది" అంది. "ఎనిమిదీ."
పదిసార్లు ఆడించి చూసి, కాస్త చిన్నబోయి,
"మరీ నున్నగా ఉందోయ్. ఎవరి చెయ్యీ పడనట్టు."

డబ్బు వద్దన్నాను.
పొగబెట్టిన చేప కాగితంలో చుట్టి ఇచ్చింది.

మా మెట్లమీద దీపాలు మనిషిని చూస్తేనే వెలుగుతాయి,
అదీ వాటి తీరిక కుదిరితే.
మూడో అంతస్తులో నేనున్నాను. రెండులో లేను.
ఒకటిలో మళ్ళీ ఉన్నాను.
పైన తలుపు మూసిన చప్పుడు ఇంకా రాలేదు.

చేప వాసనతో రెండో అంతస్తుకి వెనక్కి ఎక్కి
చెయ్యెత్తి ఊపుతూ నిలబడ్డాను,
దీపం వెలిగేదాకా.