వాది వచ్చిన రాత్రి

మన దిక్కు వాది అంటే
కోర్టు మెట్లెక్కి మొర పెట్టుకునేవాడు.
ఇక్కడ, మస్కట్ నుంచి సూర్ పోయే దారిలో,
వాది అంటే ఏరు.
నీళ్లు లేని ఏరు.
గులకరాళ్లు, తుమ్మకంప, మేకల పెంటికలు,
ఎవరో వదిలేసిన కుడికాలి చెప్పు.
ఏడాదికి రెండు మూడు వాయిదాలకే హాజరవుతుంది.
మిగతా రోజులు దాని వకాల్తా నాది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు
నీళ్ల కంపెనీ అంటాను. అబద్ధమేమీ కాదు.
ఎనిమిది వేల మంది స్నానాలు, వుజూలు, బియ్యం కడుగులు,
పడవ దిగినవాళ్ల చేతుల చేపల జిడ్డు,
ఇంకా ఫోన్లో చెప్పలేనివి
రాత్రీ పగలూ నా గేటు దాటి వస్తాయి.
మొదట జల్లెడ. ఒకసారి అందులో
వెండి ఉంగరం పడింది.
మసీదు దగ్గర కాగితం అంటించి
నెల రోజులు చూశాడు ఖల్ఫాన్.
ఎవరూ రాలేదు.
ఏ దారిన పోయిందో తెలిశాక ఎవడు నాదంటాడు?

తర్వాత తొట్టి. అడుగు నుంచి గాలి.
పొయ్యి లేకుండానే కుతకుతలాడే నీళ్లు.
కంటికి ఆనని పురుగులు అందులో మేస్తాయి.
మేత తగ్గినా చస్తాయి, గాలి తగ్గినా చస్తాయి.
మా తాత గొర్లు కాసినోడు.
పొద్దుగూకితే లెక్కపెట్టే బాధ లేని మంద
నాకు దొరికింది.

రోజూ ఒక గాజు జాడీ ముంచి
కిటికీలో పెట్టి అర్ధగంట చూస్తాను.
బాగున్న రోజు మడ్డి మెల్లగా అడుగుకు దిగుతుంది,
పైన తేట,
మూత తీస్తే తడిసిన చెలక వాసన.
బాగాలేని రోజు జుట్టు విరబోసుకుని
జాడీ నిండా నిలబడుతుంది.
కడుపు చెడింది అంటాడు అన్వారుల్, తన బంగ్లాలో.

రంజాన్ నెలలో ఒక రాత్రి
ట్యాంకర్ల లైను రోడ్డుదాకా పోయింది.
షేర్ జమాన్ దిగొచ్చి అన్నాడు:
"వాదిలో ఒంపేసి పోతా.
చుక్క నీళ్లు లేని దాన్ని ఏం పాడు చేస్తాను?"
నాకు జవాబు తోచలేదు. చాయ్ పోశాను.
అది తాగేలోపు లైను కదిలింది.

మొన్న మార్చిలో వాన కొండల మీద పడింది.
మా మీద చినుకు లేదు.
ముందు చప్పుడు వచ్చింది,
తర్వాత కరెంటు పోయింది.
తొట్టిలో బుడగలు ఆగిపోయాయి.
మంద ఊపిరి బిగబట్టింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది.
అప్పటికే మ్యాన్‌హోళ్ల గుండా వరద లోపలికి తోసుకొస్తోంది.
నిల్వ తొట్టి అంచుకు జానెడు.

గోడవతల వాది,
గోధుమ రంగులో, టైర్లు మోసుకుంటూ, బూతులు తిడుతూ.
నా చేతికింద ఎర్ర చక్రం.
నాలుగు చుట్లు తిప్పితే మా మురికంతా అందులోకి.
అంత వరదలో ఎవడికి తెలుస్తుంది?
షేర్ జమాన్ మాటే. ఈసారి నా గొంతులో.

ఆ నీళ్లు ఎక్కడ ఆగుతాయో నాకు తెలుసు.
ఖోర్‌లో, మడచెట్ల కాళ్ల దగ్గర,
శుక్రవారం అన్వారుల్ పీతలు పట్టే చోట.

చక్రం వదిలి ఫోన్ తీశాను.
అర్ధరాత్రి దాటాక వచ్చాడు షేర్ జమాన్,
తొట్టిలోంచి ట్యాంకరు నిండా తోడుకున్నాడు.
పోవడానికి చోటు లేదు. రోడ్డు తెగింది.
తెల్లారేదాకా ఆ నిండు బండితో
గేటు దగ్గరే కూచున్నాడు,
ఒక్క చుక్క ఎక్కడా ఒంపకుండా,
నన్ను తిట్టుకుంటూ.

పొద్దున జాడీ ముంచాను.
మడ్డి సగమే దిగింది.
బతుకుతుంది, వారం పడుతుంది అన్నాడు ఖల్ఫాన్.
ఊరి పిల్లలు ఏరు చూడ్డానికి పరుగెత్తారు.

నాలుగో రోజుకి వాది వెళ్లిపోయింది.
ఏమీ అనలేదు, తీర్పు అడగలేదు.
ఆ కుడికాలి చెప్పు కొట్టుకుపోయింది.
దాని చోట ఇంకోటి.
అదీ కుడికాలిదే.