నూట యాభై లీటర్లు

"ఇంట్లో ఎందరు?" అడిగాడు ఎలాదియో,
చెవి మీది పెన్సిల్ తీసి.
ఇద్దరం, నేనూ మా అత్తా.
"ఐతే ఎనభై చాలు. పెద్ద ట్యాంకంటే
ఎవరూ పోసుకోని నీళ్లకి
రాత్రంతా కరెంటు కట్టడమే."

లెక్క తప్పేం కాదు.
అందులో సముద్రం లేదంతే.

ముషీయా కొండ కింద పోటు తీస్తే
నడుముకి తాడు కట్టుకుని రాళ్ల మీదికి దిగుతాం.
అలకీ అలకీ మధ్య దొరికిన ఊపిరిలో
బండని కరుచుకున్న పెర్సెబెస్‌ని
గీరుకుని వస్తాం.
డిసెంబరు నీళ్లు ఎముకల్లో కాపురం పెడతాయి.
అందరికీ దగ్గర మా ఇల్లే.
నలుగురు ఆడవాళ్లం, ఒకటే స్నానాలగది.

ఎనభై ఇద్దరికి. బిగబట్టుకుంటే ముగ్గురికి.
లెక్కపెట్టాల్సింది తలల్ని కాదయ్యా,
ఒక్క గంటలో
ఎన్ని నీలిపెదాలు తలుపు తడతాయో అది.

సబేలా ఎప్పుడూ ఆఖరే.
"నిమ్మళంగా పోసుకోండి, నాకేం తొందర" అంటుంది.
తర్వాత తల తుడుచుకుంటూ వచ్చి
"ఇంకా వేడిగానే ఉన్నాయే" అంటుంది.
మూడు చలికాలాలు నమ్మాం.

మొన్న చేతులు కడుక్కుందామని
ఆమె వెనకే వెళ్లి వేన్నీళ్ల కుళాయి తిప్పాను.
చెయ్యి లాగేసుకున్నాను.
రాళ్ల దగ్గరి నీళ్లే నయం.

ఎలాదియో ఇంకా పెన్సిల్ పట్టుకునే ఉన్నాడు.
నూట యాభై రాసుకో, అన్నాను.
"ఈ గోడ మోస్తుందా?"
మోయకపోతే నేల మీద పెట్టు.